దిగులుకు కౌన్సెలింగ్: స్త్రీలు ఏమి ఆశించాలి?

(మార్టూరులో జరిగిన మహిళా కార్యకర్తల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కౌన్సెలింగ్ అనే ఇంగ్లీషు మాట తెలియని ఇల్లు ఈ ప్రాంతంలో బహుశా లేదు. అయితే ఆ మాటకు మనకు తెలిసిన అర్థాలేమిటో ఒకసారి చూడండి. ఇంటరు చదివే పిల్లలున్న ఇంట్లో కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ ర్యాంకు పట్టుకుని సీటు కోసం వెళ్ళడం. పరీక్ష పేరు మారినా ఊళ్ళో అది ఎంసెట్టే. టీచర్ల ఇళ్ళలో బదిలీల కౌన్సెలింగ్. పోలీసులు రౌడీషీటర్లను స్టేషనుకు పిలిపించి హెచ్చరించి పంపితే దాన్ని కూడా పేపర్లు కౌన్సెలింగ్ అనే రాస్తాయి. ఇక మనందరికీ బాగా తెలిసిన అర్థం ఇంకొకటి ఉంది. భర్త కొట్టాడని ఒక స్త్రీ స్టేషను మెట్లెక్కితే, కేసు కట్టే ముందు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, అతన్ని నాలుగు తిట్టి, ఆమెకు నాలుగు బుద్ధులు చెప్పి, కాగితం మీద సంతకాలు తీసుకుని ఇంటికి పంపిస్తారు. దాని పేరూ కౌన్సెలింగే.

మొదటి రెండింటినీ వదిలేద్దాం. చివరి రెండింటిలోనూ కుర్చీలో కూర్చున్నవారు చెబుతారు, ఎదురుగా ఉన్నవారు తలొంచుకుని వింటారు. అందుకే, నెలల తరబడి నిద్రపట్టక, తిండి సహించక, దేనిమీదా మనసు నిలవక కుమిలిపోతున్న ఒక స్త్రీతో మీరు వెళ్ళి "కౌన్సెలింగుకు పోదాం రా అక్కా" అన్నారనుకోండి. ఆమెకు వినిపించేది వేరు. నాలో ఏదో తప్పుంది, నాకు బుద్ధి చెప్పించడానికి తీసుకుపోతున్నారు, అని. ఆమె రానంటే అది ఆమె అజ్ఞానం అని మనం అనుకోవడం అన్యాయం. ఆ మాటకు ఆమె జీవితం నేర్పిన అర్థం అది.

కాబట్టి డిప్రెషన్‌కు ఇచ్చే కౌన్సెలింగ్‌లో ఏం జరుగుతుంది, ఏం జరగకూడదు, దాన్నుంచి ఎంత ఆశించవచ్చు, ఎంత ఆశించకూడదు అన్నది ముందు మనకు తెలియాలి. లేకపోతే మనం చేసేది ఒక ఇంట్లో అణిగిపడి ఉన్న మనిషిని ఇంకో గదిలో అణిగిపడి ఉండడానికి పంపడమే అవుతుంది.

డిప్రెషన్ అని ఎవరూ వచ్చి చెప్పరు. మన స్త్రీలకు ఆ బాధను చెప్పుకునే మాటలు వేరే ఉన్నాయి. దిగులుగా ఉంటోంది అంటారు, బెంగ అంటారు, గుండెలో బరువు, తల దిమ్ము, ఒళ్ళంతా లాగడం, నీరసం, తెల్లబట్ట, నరాల బలహీనత. "ఒకటే ఆలోచనలమ్మా, ఆగవు" అంటారు. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడే స్త్రీలు కూడా అచ్చం ఇదే మాట వాడతారు. వాళ్ళు దాన్ని కుఫుంగిసిసా అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. అక్కడ హరారే నగరంలో 2006 నుంచి ఆరోగ్య కేంద్రాల ఆవరణలో ఒక బెంచీ వేసి, శిక్షణ పొందిన నాయనమ్మలు, అమ్మమ్మలు ఆ బెంచీ మీద కూర్చుని కౌన్సెలింగ్ చేస్తున్నారు. రోగం పేరు పైనుంచి అతికించకుండా మనిషి వాడే మాట దగ్గరే మొదలుపెట్టడం వాళ్ళు చేసిన మంచి పని.

మన దగ్గర ఇలా చెప్పుకున్న స్త్రీ ఎక్కడికి వెళుతుంది? ముందు ఆర్.ఎం.పి. దగ్గరకు. ఒక బలం ఇంజక్షన్, ఒక సెలైన్ బాటిలు, రాత్రికి నిద్రమాత్ర. డబ్బులున్నవాళ్ళు చిలకలూరిపేటో ఒంగోలో వెళ్ళి స్కానింగు తీయించుకుంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ, నూటికి దాదాపు తొమ్మిది మంది. ఈ ఆపరేషన్లన్నీ అనవసరమని నేను అనడం లేదు. కానీ గోవాలో జరిగిన పరిశోధన ఒకటి గుర్తుంచుకోదగ్గది. తెల్లబట్ట అవుతోందని బాధపడే స్త్రీలలో దానికి ఇన్ఫెక్షన్లతో కంటే మనోవేదనతో, ఇంటి పరిస్థితులతో బలమైన సంబంధం ఉందని అది చూపించింది. అంటే ఆమె తన దిగులును శరీరం చేత చెప్పిస్తోంది. వినేవారికి శరీరమే వినిపిస్తోంది.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. అన్నీ మనసు జబ్బులని కొట్టిపారేయడం కూడా ప్రమాదమే. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాంటి నీరసం, దిగులు ఉంటాయి. మంచి కౌన్సెలర్ మొదట్లోనే ఆ పరీక్షలు అయ్యాయా అని అడుగుతుంది. "నీకేం లేదు, అంతా నీ మనసులోనే ఉంది" అనేవారి దగ్గర్నుంచి లేచి రావచ్చు.

మరి బాధకు, జబ్బుకు తేడా ఏమిటి? మనిషి పోతే ఏడుస్తాం, పంట పోతే కుంగిపోతాం. అది జబ్బు కాదు. దిగులు, లేదా దేనిమీదా ఇష్టం లేకపోవడం, రెండు వారాలకు మించి దాదాపు రోజంతా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, శక్తి, ఏకాగ్రత దెబ్బతిని, "నేనెందుకూ పనికిరాను" అన్న భావం పట్టుకుని, రోజువారీ జీవితం కుంటుపడితే దాన్ని డిప్రెషన్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇది మగవారి కంటే స్త్రీలలో సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. మన దేశంలో నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, డిప్రెషన్ ఉన్న ప్రతి వందమందిలో ఎనభై అయిదుగురికి ఏ వైద్యమూ అందడం లేదు.

ఈ నేల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని నాశనం చేసినప్పుడు, పురుగుకు కొట్టాల్సిన మందును రైతులు తాగారు. రైతుల ఆత్మహత్యలు అనే మాట పత్రికలకు కొత్తగా ఎక్కిన రోజులవి. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడింది. 2025 మొదట్లో కాయ పండినా ధర పడిపోయింది. ప్రతిసారీ లెక్క రైతు దగ్గర మొదలై రైతు దగ్గరే ఆగుతుంది. 2004లో వచ్చిన 421 నంబరు జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయశాఖ అధికారి కలిసి ఇంటికి వచ్చి విచారణ చేసేవారు. పట్టా ఎవరి పేరున ఉంది, అప్పు పత్రాలేవి, కౌలుకు సాక్ష్యమేమిటి? ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాల్సింది, గాజులు తీసిన పదిరోజులకు, ఆ ఇంటి ఇల్లాలు. ఆమెకు నిద్రపడుతోందా అన్న ప్రశ్న ఆ ఫారంలో లేదు.

ఆమె తానే పోతే అసలు ఏ లెక్కలోకీ రాదు. పొలంలో జీవితమంతా పనిచేసినా పోలీసు రికార్డులో ఆమె గృహిణి. 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 45 వేల మంది స్త్రీలలో సగానికి పైగా, 23 వేల మందికి పైగా, ఈ గృహిణులే. వారిలో పత్తి తీసినవారు ఎందరో, మిరప కోసినవారు ఎందరో, తొడిమలు తీసినవారు ఎందరో ఆ మాట చెప్పదు.

అందుకే మన ఉద్యమాల్లో ఒక అభ్యంతరం ఎప్పుడూ వినిపిస్తుంది. కారణం అప్పు అయినప్పుడు, కారణం తాగుడు, తన్నులు అయినప్పుడు, స్త్రీని జబ్బుమనిషిని చేసి కౌన్సెలింగుకు పంపడం ఏమిటి? సమాజానికి రావలసిన వైద్యం ఆమెకు చేయడం కాదా? ఈ అభ్యంతరంలో చాలా నిజం ఉంది. స్త్రీ ఎదురుతిరిగినప్పుడల్లా ఆమెకు పిచ్చి అన్న చరిత్ర మనది. కానీ ఇదే మాటను నేను ఇంకో రకంగా అడుగుతాను. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి కీళ్ళు బిగుసుకుపోయిన మనిషికి, ప్రాజెక్టు నీళ్ళు వచ్చేదాకా నొప్పికి మందు ఇవ్వొద్దంటామా? పోరాటానికి లేచి నిలబడాలన్నా ఆమెకు రాత్రి నాలుగు గంటలు నిద్ర కావాలి. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న స్త్రీ మన మీటింగుకు రాదు. రాలేదు. ఆమె ఎందుకు రావడం లేదో ఆరా తీయకుండా "చైతన్యం లేదు" అని మనం రాసుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు.

సరే, ఇక కౌన్సెలింగ్ గదిలోకి వెళదాం.

మొదటి రోజు ఎక్కువగా ప్రశ్నలే ఉంటాయి. ఎన్నాళ్ళనుంచి, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇంట్లో ఎవరున్నారు, కాన్పు అయ్యి ఎంతకాలమైంది, ఏ మాత్రలు వాడుతున్నావు? చాలాచోట్ల తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి వాడతారు. గత రెండు వారాల్లో ఇలా ఎన్ని రోజులు అనిపించింది అని ఒక్కొక్క లక్షణం గురించి అడిగి మార్కులు వేస్తారు. ఇది పరీక్ష కాదని, తప్పొప్పులు లేవని, నాలుగు వారాల తర్వాత మళ్ళీ అడిగి తేడా చూడడానికేనని ఆమెకు ముందే మీరు చెప్పి తీసుకెళ్ళండి.

ఆ తొమ్మిదో ప్రశ్న చావు గురించి. చచ్చిపోతే బాగుండునని అనిపించిందా, ఏమైనా చేసుకోవాలనిపించిందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళు భయపడతారు. అలా జరగదని పరిశోధనలన్నీ చెబుతున్నాయి. అడిగితే ఎక్కువమందికి ఊపిరి తీసుకున్నట్టుంటుంది, ఎందుకంటే అప్పటిదాకా ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఈ ప్రశ్న అడగని కౌన్సెలర్ తన పని సగమే చేసినట్టు. ఔనని చెబితే వెంటనే తర్వాతి ప్రశ్న రావాలి: ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెడతారు? డబ్బా ఇంట్లోంచి బయటకు పోవాలి, తాళం పడాలి. ఇది చిన్న విషయం కాదు. శ్రీలంకలో అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక 1995-2015 మధ్య ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. బతుకు మీద విరక్తి వచ్చిన ఆ గంటలో చేతికి అందేది ఏమిటన్నదాని మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఆత్మహత్యకు ప్రయత్నించిన స్త్రీ కేసు అవుతుందన్న భయంతో నిజం చెప్పదు, పొరపాటున తాగానంటుంది. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, ఆమెకు చికిత్స ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్‌ను తీసేశారు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యాయత్నం చేస్తే మాత్రం నేరంగా ఉంచారు. ఈ మాట ఊళ్ళో ఇంకా చాలామందికి చేరలేదు.

మొదటి రోజే ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. ఇక్కడ చెప్పింది బయటకు పోదు అని. పైన చెప్పిన చట్టంలో 23వ సెక్షన్ ఈ గోప్యతను హక్కుగా ఇస్తోంది. ప్రాణాపాయం, కోర్టు ఉత్తర్వు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని కూడా ముందే చెప్పాలి. అత్తగారు పక్కన కూర్చుని ఉండగా జరిగేది కౌన్సెలింగ్ కాదు. ఇంటికొచ్చి మాట్లాడే పద్ధతి మంచిదే, బస్సు ఖర్చు తప్పుతుంది, కానీ మన ఇళ్ళలో తలుపు వేసుకునే గది ఎన్ని ఇళ్ళలో ఉంది? ఈ సమస్యను మనం తీర్చగలం. సంఘం గది, అంగన్‌వాడీ అయిపోయాక ఆ గది, చర్చి పక్క వరండా, ఏదో ఒకటి దొరుకుతుంది.

ఆ తర్వాతి వారాల్లో ఏం చేస్తారు? గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2016 చివర్లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అక్కడ కౌన్సెలర్లు మానసిక వైద్యులు కారు. శిక్షణ పొందిన మామూలు స్థానికులు. వారానికోసారి, అరగంట ముప్పావుగంట చొప్పున, ఆరు నుంచి ఎనిమిది సార్లు కలుస్తారు. పద్ధతి సూక్ష్మంగా ఇది: దిగులు మనిషిని పనులనుంచి, మనుషులనుంచి వెనక్కి లాగుతుంది. వెనక్కి తగ్గినకొద్దీ దిగులు పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెంచడానికి, మనసు బాగుపడ్డాక చేద్దామని ఆగకుండా, చిన్న చిన్న పనులు ముందే మొదలుపెట్టిస్తారు. ఏ పని చేసినప్పుడు మనసెలా ఉందో గమనించుకోమంటారు. దానితోపాటు, తీర్చగల సమస్యలను ఒక్కొక్కటి విడదీసి చూస్తారు.

ఈ పద్ధతిని మన దగ్గర ఎవరైనా పుస్తకంలో ఉన్నట్టు పాటిస్తే ఏమవుతుందో ఆలోచించండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంట చేసి, ఆటో ఎక్కి మిరపకోతకు పోయి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చునే స్త్రీతో "అమ్మా, నువ్వు ఇంకొన్ని పనులు పెట్టుకోవాలి" అంటే ఆమె నవ్వుతుంది, లేదా ఏడుస్తుంది. డిప్రెషన్‌లో కూడా మన స్త్రీ పని మానదు. మానే వీలు ఆమెకు లేదు. ఆమె మానేసేది తనకోసం చేసుకునే వాటిని. పూలు కట్టుకోవడం మానేస్తుంది. అరుగు మీద ఇరుగుపొరుగుతో కూర్చోవడం మానేస్తుంది. ఆదివారం ప్రార్థనకో, శనివారం గుడికో పోవడం మానేస్తుంది. కోతల్లో అందరూ పాట ఎత్తుకుంటే గొంతు కలపదు. అక్క ఊరు వెళ్ళి రెండేళ్ళవుతుంది. ఇవి ఇంట్లో ఎవరికీ లోటుగా కనిపించవు, కూడు వండుతోంది కదా అనుకుంటారు. కౌన్సెలర్ వెతకాల్సింది ఈ మాయమైన పనులను. వాటిలో ఒకదాన్ని, ఈ వారం, ఫలానా రోజున, ఎవరితో కలిసి అన్నంత కచ్చితంగా తిరిగి తెచ్చుకోవాలి. అందుకు సమయం ఎక్కడినుంచి వస్తుంది అన్న ప్రశ్న రాగానే మనం నేరుగా ఇంటి చాకిరీ పంపకం దగ్గరకు చేరతాం. అక్కడ అది వైద్యమో, స్త్రీల రాజకీయమో విడదీయడం నాకు చేతకాదు. విడదీయాల్సిన అవసరమూ కనబడదు.

ఎంత మేలు జరుగుతుంది? గోవాలో మూడు నెలల తర్వాత కౌన్సెలింగ్ పొందినవారిలో నూటికి 64 మందికి లక్షణాలు బాగా తగ్గాయి. మామూలు వైద్యమే అందినవారిలో 39 మందికి తగ్గాయి. రెండు అంకెలనూ చూడండి. తేడా పెద్దదే. అయినా నూటికి 36 మందికి ఆ పద్ధతి చాలలేదు. కాబట్టి మీరు వెంట తీసుకెళ్ళిన స్త్రీ ఆ 36 మందిలో ఉంటే, "నువ్వు సరిగ్గా చేయలేదు" అనే మాట ఎవరి నోటా రాకూడదు. అప్పుడు మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళాలి. మనకు గుంటూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. చావు ఆలోచనలు బలంగా ఉంటే, తిండి పూర్తిగా మానేస్తే, లేని గొంతులు వినిపిస్తుంటే, బాలింత తన బిడ్డ గురించి భయంకరమైన ఆలోచనలు వస్తున్నాయంటే కౌన్సెలింగుతో కాలయాపన చేయకుండా అదే రోజు వెళ్ళాలి.

మందుల గురించి రెండు మాటలు. డిప్రెషన్ మందులు నిద్రమాత్రలు కావు. రెండు మూడు వారాలదాకా గుణం కనిపించదు, ఆ లోపల కడుపులో తిప్పడం, తలనొప్పి లాంటివి ఉండొచ్చు. చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. గుణం కనిపించాక కూడా కనీసం ఆరునెలలు వాడాలి, ఆపేటప్పుడు వైద్యులు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆర్.ఎం.పి. ఇచ్చే నిద్రమాత్ర కథ వేరు. అది అలవాటు పడుతుంది, దిగులును తగ్గించదు.

ఇప్పుడు, కౌన్సెలింగ్ పేరుతో ఏం జరిగితే ఒప్పుకోకూడదో చూద్దాం.

సర్దుకుపొమ్మనడం. "మగాడన్నాక", "పిల్లల మొహం చూసి", "నీ ఓర్పే నీ కాపురం". కౌన్సెలర్ నోట ఈ మాటలు వస్తే అక్కడితో ఆపి ఇంకొకరిని వెతకండి. ఇంట్లో తన్నులున్నాయా అని కౌన్సెలర్ ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. ఉన్నాయంటే భర్తను పిలిచి ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ప్రమాదం. గదిలో ఆమె చెప్పిన మాటకు లెక్క ఇంట్లో తేలుతుంది. 2005 గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నిబంధనలు కూడా, కోర్టు ఆదేశంతో జరిగే కౌన్సెలింగ్‌లో హింసకు సమర్థనలు చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వకూడదని అంటున్నాయి. అది రాజీ కౌన్సెలింగ్ విషయంలోనే. డిప్రెషన్ కౌన్సెలింగ్‌లో అసలు రాజీ ప్రసక్తే ఉండకూడదు. కాపురం నిలబెట్టడం కౌన్సెలర్ పని కాదు, కాపురం విడగొట్టడమూ కాదు. ఆమె తానే నిర్ణయం తీసుకోగలిగే స్థితికి రావడానికి తోడుండడం దాని పని.

రెండోది, కాగితం. "పిచ్చిదని డాక్టరు రాసిచ్చాడు, విడాకులు తీసుకుంటా" అన్న బెదిరింపు మీరందరూ వినే ఉంటారు. స్త్రీలు సాయం అడగకుండా ఆపుతున్న వాటిలో ఇదే పెద్దదని నా అనుభవం. చట్టం ఏమంటోంది? హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణమే. కానీ జబ్బు పేరుంటే చాలదని, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత ఉందని రుజువు చేయాలని సుప్రీంకోర్టు 1988లోనే రామ్ నారాయణ్ గుప్తా కేసులో చెప్పింది. అది స్కిజోఫ్రెనియా కేసు. మామూలు డిప్రెషన్ అంతదాకా కూడా రాదు. 2017 చట్టం మూడో సెక్షన్ ప్రకారం చికిత్స తీసుకున్నంత మాత్రాన ఎవరినీ మతిస్థిమితం లేనివారుగా పరిగణించకూడదు, ఆ మాట కోర్టు చెప్పాలి. అయినా జాగ్రత్త మంచిది. చీటీలు, రికార్డులు ఆమె దగ్గరే, లేదా ఆమె నమ్మిన మనిషి దగ్గర ఉండాలి. తన రికార్డు అడిగి తీసుకునే హక్కు ఆమెకుంది.

మూడోది, కౌన్సెలర్ ఎవరు అన్నది. బోర్డు పెట్టుకున్న ప్రతివారూ శిక్షణ పొందినవారు కారు. ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు అని అడగడం అమర్యాద కాదు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. పదివేలు కట్టండి, పది రోజుల్లో నయం చేస్తాం అనేవారి దగ్గర ఇంకేమీ అడగక్కర్లేదు.

ఇక మన పని. పశ్చిమగోదావరి జిల్లా గ్రామాల్లో 2014 తర్వాత జరిగిన ఒక ప్రయోగంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి దిగులు, ఆందోళన ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుల దగ్గరకు పంపారు. మానసిక సమస్య కోసం వైద్యసాయం తీసుకున్నవారు అంతకుముందు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. తర్వాత 12.6 శాతం అయ్యారు. చేసింది మన తెలుగు పల్లెల్లో, మన ఆశా అక్కలు. అయితే ఆశాలకిచ్చే డబ్బెంతో, వాళ్ళ నెత్తిన ఇప్పటికే ఉన్న సర్వేలెన్నో ఈ గదిలో ఉన్నవారికి బాగా తెలుసు. దిగులున్నవారిని వెతికే మనిషికే దిగులు పుట్టించే పద్ధతిలో ఈ పని చేయించకూడదని మనం గట్టిగా అడగాలి.

మన సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తోడు వెళ్ళడం మొదటిది. ఒక పూట కౌన్సెలింగ్ అంటే ఒక రోజు కూలి పోవడం, పైన బస్సు ఛార్జీలు. ఫిబ్రవరినుంచి ఏప్రిల్‌దాకా మిరపకోతలు, ఆ రోజుల్లో ఆమె రాదు. రాకపోతే రిజిస్టరులో "మధ్యలో మానేసింది" అని రాస్తారు. కోతలకాలంలో సాయంత్రం ఏడు తర్వాత పెట్టమనండి, లేదా ఫోనులో మాట్లాడమనండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వారిని మన మండలానికి నెలకొకసారైనా రమ్మని అడగండి. మార్టూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశంనుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది, కాబట్టి అర్జీ బాపట్ల కలెక్టరుకు వెళ్ళాలి.

టెలీమానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఇరవై నాలుగు గంటలూ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కానీ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? చేసిన నంబరు భర్త కంటబడితే ఏమవుతుంది? సంఘం ఫోను ఒకటి ఇందుకు వాడుకోనివ్వండి. ఆమె మాట్లాడుతున్నప్పుడు మీరు గది బయట ఉండండి, వినాలని ఎంత అనిపించినా.

చివరి ఒకటి రెండు కలయికల్లో కౌన్సెలర్ ఆమెతో కలిసి ఒక కాగితం తయారుచేయాలి. చదువు రాకపోతే బొమ్మలతోనైనా. మళ్ళీ దిగులు మొదలయ్యేటప్పుడు తనలో మొట్టమొదట మారేది ఏమిటి? కొందరికి నిద్ర, కొందరికి కోపం, కొందరు తల దువ్వుకోవడం మానేస్తారు. అది కనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఎవరు వచ్చి చూడాలి? డిప్రెషన్ ఒకసారి వచ్చినవారిలో మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా భర్త పోయిన నెల, అప్పువాళ్ళు వచ్చే నెల, కాన్పు తర్వాత. ఆ కాగితం మీద మీ పేరు ఉండవచ్చు. ఉంటే, ఆమె రెండు మీటింగులకు రాకపోయినప్పుడు మూడోదానికోసం ఆగకుండా ఇంటికి వెళ్ళి చూడాలి.

నేను చెప్పదలచుకున్నది ఇంతవరకే. మీ ఊళ్ళలో మీరు చూస్తున్నవి చెప్పండి, ప్రశ్నలుంటే అడగండి.